వెన్నెల పావు కాగితం

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, జూన్‌లో బళ్లు తెరిచే రోజున, ముదిగుబ్బ మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా చేరాను. అంటే సెకండరీ గ్రేడ్ టీచరు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ అన్ని పాఠాలూ చెప్పాలి. ఆ బడికి టీచరును నేనొక్కదాన్నే.

వేరుశనగ చేలల్లో చెనక్కాయలు పీకే కాలానికి మూడో తరగతిలో భిన్నాలు మొదలుపెట్టాను. ముందు కాగితం మడతలతో చెప్పి, ఆ తర్వాతే అంకెలు రాయించడం నా పద్ధతి. ఒక మడతకు సగం, రెండు మడతలకు పావు. నోటుపుస్తకం కాగితాలు చాలక కొందరికి పాత దినపత్రిక పేజీలు ఇచ్చాను. మడిచి చించాక, సగం పెద్దదా పావు పెద్దదా అని అడిగాను. వెన్నెల అనే పిల్ల లేచి, "పావే పెద్దది మేడం" అంది. తరగతంతా నవ్వింది. సగానికి రెండు ముక్కలు, పావుకు నాలుగు. ముక్కల లెక్క పెద్దదైతే భిన్నమూ పెద్దదే అనుకోవడం ఆ వయసు పిల్లలకు మామూలు. ఇదీ అదేననుకుని, ఇంకోసారి వివరించి ముందుకు పోయాను.

మరుసటి రోజు నుంచి వెన్నెల బడికి రాలేదు. వారం చూసి, సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తల్లి లక్ష్మీదేవి అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"లెక్క తప్పు జెప్పిందని అందరూ నగినారంట మేడం. ఇంగ బడికి పోనంటాది. నాతో సేనికొస్తాండాది. నాకూ ఒగ చెయ్యి తోడైతాదిలే అనుకుంటి" అంది.

వాకిట్లో నిలబడిన వెన్నెల గట్టిగా, "నేను తప్పు జెప్పలేదు" అంది.

"ఎట్ల?" అని అడిగాను.

లోపలికి పోయి బడి సంచిలోంచి ఆ రోజు చించిన కాగితం తెచ్చింది. అది దినపత్రిక పేజీలో పావు. "ఇది నా పావు. నా పక్కన కూసునే ఓబులేసు సగం దీంట్లో సగం గూడా లేదు. మీరు ఏది పెద్దదంటే నాది పెద్దదంటి."

ఓబులేసుకు ఇచ్చింది నోటుపుస్తకం కాగితం. నాకు నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత మనసారా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియక ఆ పిల్ల ముఖం చిన్నబోతుంటే, "నీదే పెద్దది, నువ్వు చెప్పింది నిజమే" అన్నాను.

లక్ష్మీదేవి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "తప్పు జెప్పనప్పుడు ఇంట్లో కూసునేదెందుకు? పో, రేపు పొయ్యి అందరికీ సూపీ" అని కూతుర్ని కసిరింది.

మరునాడు ఓబులేసు చేత నోటుపుస్తకం కాగితమొకటి మళ్లీ సగానికి చింపించి, వెన్నెల పావు పక్కన పెట్టించాను. పిల్లలు మూగి చూసి, వెన్నెలదే పెద్దదని ఒప్పుకున్నారు. తర్వాత ఒకే కొలత పేజీలు రెండు తీసి, ఓబులేసు చేత సగానికి, వెన్నెల చేత పావుకు మడిపించి, మళ్లీ అదే ప్రశ్న వేశాను. ఓబులేసు తొందరపడలేదు. ముందు వెన్నెల వైపు చూశాడు.

"ఇప్పుడు సగమే పెద్దది మేడం. రెండు కాయితాలూ ఒగటే సైజు గదా" అంది వెన్నెల.

రెండు భిన్నాలను పోల్చాలంటే అవి ఒకే మొత్తంలోని భాగాలై ఉండాలి. ఈ నియమం అన్ని పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. మూడో తరగతి పిల్ల నోట, తనంతట తానుగా రావడం మాత్రం నేనదే మొదటిసారి విన్నాను. వెన్నెల ఐదో తరగతి దాకా అక్కడే చదివింది. లెక్కల్లో మరీ ముందేమీ కాదు గానీ, తనకు తోచింది చెప్పడానికి ఎప్పుడూ వెనకాడలేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, జవాబు తప్పనిపించిన ప్రతిసారీ ముందు "ఎట్ల?" అని అడిగాను. చాలాసార్లు అది తప్పే అయ్యేది. కొన్నిసార్లు మాత్రం, సరిచేయాల్సింది ప్రశ్నను.