వేసవిలో బిగిసిన ఉయ్యాల

మొన్న హార్డ్‌వేర్ షాపులో ఎవరో మేపుల్ చెక్క కోయిస్తున్నారు. ఆ పొట్టు వాసనకు, కొనాల్సిన బల్బు సంగతి మరిచి కాసేపు అక్కడే నిలబడిపోయాను. మిషిగన్‌లోని ట్రాయ్ ఊళ్లో మా పక్కింటి మూర్తి అంకుల్ గరాజ్‌లో ఎప్పుడూ ఈ వాసనే. ఆయన ఎముకల సర్జన్. చెయ్యి వణకడం మొదలవగానే, ఎవరూ చెప్పకముందే ఆపరేషన్లు మానేసిన మనిషి. తర్వాత ఉలి పట్టారు. "ఆ చేత్తో ఉలేంటి నాన్నా, వేళ్లు తెగ్గోసుకుంటావ్!" అని కూతురు సుధ పోరుతూనే ఉండేది.

సుధ కడుపుతో ఉన్న ఆ వేసవిలో, పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల తనే చేస్తానని పంతం పట్టారు. ఆ చెయ్యి ఇంకా పనికొస్తుందని కూతురికి చూపించాలి, అంతే. మేకు లేదు, జిగురు లేదు. రెండు చెక్కలు అడ్డంగా కలిసే చోట దీని మందంలో సగం, దాని మందంలో సగం చెక్కేసి, ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టేవారు. "చూడమ్మా, దీన్ని హాఫ్ ల్యాప్ అంటారు. రెండూ సగం సగం తగ్గాలి. ఒకటే తగ్గితే అదే విరుగుతుంది" అనేవారు. కార్ల కంపెనీ ఇంజనీర్‌ని, నాకే పాఠం! అయినా వినేదాన్ని.

బారసాల జనవరిలో వచ్చింది. బయట మంచు, ఇంట్లో ఆగకుండా హీటర్. ఉయ్యాలకు పూలు చుట్టారు. పంతులుగారు "పాపను పడుకోబెట్టండమ్మా" అన్నారు. అంకుల్ అలవాటుగా జాయింట్ మీద అరచెయ్యి వేసి ఊపి చూశారు. కదిలింది. పొడిగాలికి చెక్క కుంచించుకుపోయింది. మిషిగన్‌లో వేసవిలో బిగించింది చలికాలానికి వదులవుతుందని చెక్కేటప్పుడు ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"ఆపండి. ఇది వదులైంది" అన్నారు.

"ఏం కాదంకుల్, జస్ట్ ఫొటో కోసమేగా. మేం పట్టుకుంటాం" అన్నాడు ఒక కుర్రాడు.

సుధ మాత్రం తండ్రి చేతివంకే చూసింది. "చెక్కేటప్పుడు చెయ్యి వణికిందా నాన్నా?"

ఇంటినిండా జనం. తప్పు హీటర్ మీదికి తోసెయ్యడానికి ఒక్క మాట చాలు. పైగా అది నిజం కూడా. నేనైతే ఫిజిక్స్ పాఠమంతా అప్పజెప్పేదాన్ని.

"వణికినా, వణక్కపోయినా వదులు వదులే. పిల్లని ఇందులో వెయ్యద్దు" అన్నారు అంకుల్.

నాకు ఆయన మీద ఒళ్లు మండింది. చెప్పుకోవచ్చుగా! సుధ పాపను తెచ్చి ఆ వణికే చేతుల్లోనే పెట్టింది. "అయితే నువ్వే ఊపు" అంది. పేరు ఆయన ఒళ్లోనే పెట్టారు.

అంకుల్ ఇప్పుడు లేరు. ఆఫీసులో నా డిజైన్‌లో తేడా కనిపిస్తే ముందు తేడా ఉందని చెప్పి పని ఆపిస్తాను. కారణాలు ఎవరైనా అడిగితే, ఆ తర్వాత. ఆ మధ్యలో నోరు మూసుకుని ఉండటమే నాకు ఇప్పటికీ కష్టం.