రోడ్డు మీద ఏడుపు

బయట ఏడుస్తున్నది మా వాడేనని చెప్పుల దుకాణంలో ఉండగానే తెలిసింది. బొమ్మ కారు కొనివ్వలేదని మారాం చేస్తుంటే వాళ్ల నాన్న ఎత్తుకుని బయటికి తీసుకుపోయాడు. అంతవరకు నాకేమీ అనిపించలేదు. "ఏయ్, ఎవ్వని పిల్లగాన్ని ఎత్కపోతున్నవ్?" అని ఎవరో అరిచారు. అప్పుడు చేతిలో ఉన్న చెప్పులు అక్కడే పడేశాను.

మా ఆయనది సూడాన్. చదువుకోవడానికి హైదరాబాద్ వచ్చి, నన్ను చేసుకుని, పదేళ్లుగా నాంపల్లిలోనే ఉంటున్నాడు. బాగా నలుపు, ఆరడుగుల పైన పొడవు. నాలుగేళ్ల కొడుక్కి నా రంగు వచ్చింది. ఆ ఆదివారం ఆబిడ్స్‌లో జనానికి కనబడిందల్లా ఒక నల్లని పరాయి మనిషి, ఆయన చేతుల్లో తన్నుకుంటూ "అమ్మా" అని అరుస్తున్న పిల్లాడు.

ఎనిమిదేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని పరుగెత్తాను. అప్పటికే ఇరవై మంది చేరారు. ఒకతను ఆయన కాలర్ పట్టుకున్నాడు. ఇంకొకతను వీడియో తీస్తున్నాడు. ఆయన పిల్లాడిని వదలడం లేదు, నోరు తెరవడం లేదు. తెలుగు బాగానే వచ్చు. గొంతు పెంచితే ఏమవుతుందో కూడా తెలుసు.

"మా ఆయనే, అన్నా! ఇడ్సిపెట్టున్రి!"

"గీయననా?" పూలమ్మే ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. "మరి మెడల పుస్తె ఏదమ్మా?"

మాది రిజిస్టర్ పెళ్లి. పుస్తె లేదు.

"వీడు నా కొడుకమ్మా. నేనే కన్న."

"మనోళ్లల్ల ఎవ్వరు దొరకలేదా?" వెనక నుంచి ఒకడు అంటే నలుగురు నవ్వారు.

ఫోన్‌లో దవాఖాన ఫొటో వెతికాను. అప్పుడే పుట్టిన వాడిని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న ఆయన. మా పుట్టింట్లో కూడా ఎవరికీ చూపించని ఫొటో అది. చేతులు మారింది. కాలర్ పట్టుకున్నతను పెద్దది చేసి మరీ చూశాడు.

"సరే, పోండ్రి. పిల్లల్ని జర మంచిగ చూస్కోన్రి."

"థాంక్స్ అన్నా" అన్నాను. ఎందుకన్నానో ఇది రాస్తున్న ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు.

నాంపల్లి దాకా పిల్లాడిని నేనే ఎత్తుకున్నాను. ఆయన మాకు పదడుగుల వెనక నడిచాడు.

మర్నాడు పొద్దున స్కూలు డ్రెస్సులు వేస్తూ ఇద్దరికీ చెప్పాను. "నాన్నతోని బయటికి పోయినప్పుడు ఏడ్వద్దు బిడ్డా. కింద పడ్డా సరే. ఇంటికొచ్చినంక ఏడ్వున్రి."

"నీతోని పోతేనో?" అంది కూతురు.

"నాతోనైతే ఏడ్వచ్చు."