చూసుకుంటానన్న పెద్దమనిషి

షార్జాలో రోలా అనే పేటలో మా పక్క ఫ్లాట్‌ను చెక్క పార్టిషన్లతో గదులు చేసి అద్దెకిచ్చే పెద్దమనిషి లండన్‌లో లా చదివాడు. కూరగాయల బేరంలోనూ ఇంగ్లీష్ లా పాయింట్లు చెప్పేవాడు. 2022 ఆగస్టులో ఆయన దగ్గర అద్దెకుండే నెల్లూరు వంటావిడ జ్వరంతో స్పృహ తప్పింది. నేను అంబులెన్స్‌కు ఫోన్ చేయబోతే, "మీకెందుకమ్మా శ్రమ, నేను చూసుకుంటాగా" అని తలుపేసుకున్నాడు. అంబులెన్స్ వస్తే అనుమతి లేని పార్టిషన్లు బయటపడతాయని ఆయన భయం. డాక్టర్నీ పిలవలేదు. మర్నాడు ఆవిడ పోయింది.

"ఇంగ్లీష్ లాలో ఊరికే చూస్తూ కూర్చోవడం నేరం కాదండీ. ఆవిడ నాకేమన్నా చుట్టమా?" అన్నాడు, నేను నిలదీస్తే.

నేనూ లా పాఠాలు చెప్పి రిటైరైనదాన్నే. "చూసుకుంటానని పూచీపడి, సాయానికొచ్చినవాళ్లను పంపేసి, చచ్చేదాకా ఊరుకుంటే ఆ లాలోనే అది నరహత్య, నాయనా" అన్నాను.

"ఇది షార్జా కదమ్మా," అన్నాడు వెంటనే. "ఆ లా ఇక్కడెలా చెల్లుతుంది?"