సరంగు బాలస్వామి కట్టిన బానకట్టు

నంద్యాలోళ్లకు సముద్రంతో ఏం పని అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. మా బావ బాలస్వామి ఆళ్లగడ్డ పక్క పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడు ఆయన చూసిన పెద్ద నీళ్లంటే చేలోని బావి ఒక్కటే. అయినా సరుకు ఓడలో సరంగు అయ్యాడు, అంటే డెక్కు మీది ఖలాసీలందరికీ పెద్ద. ఎలా అయ్యాడంటే, ముడులు వేయడం వచ్చు కాబట్టి.

ఆ విద్య వాళ్ల నాయన సంజీవయ్య మామది. ఆయన కపిల తోలేవాడు. ఎద్దులు మోకు లాగితే తోలుబాన బావిలోంచి నీళ్లు తెచ్చేది. బానకు వేసే ముడి బానకట్టు. తడిసేకొద్దీ బిగుస్తుంది, ఊడమన్నా ఊడదు. కాడికి వేసేది ఎద్దుకట్టు. దానికి ఒక కొస బయటికి వేలాడుతుంది. ఎద్దు కాలు జారిందంటే నిండు బాన ఎద్దుల జతను బావిలోకి ఈడ్చుకుపోతుంది. అప్పుడా కొస గుంజితే కాడి విడిపోతుంది, బాన పోయినా ఎద్దులు దక్కుతాయి.

డెబ్బై రెండు కరువులో బావి ఎండింది, కపిల ఆగింది. బావ మద్రాసు పోయి ఓడెక్కాడు. మా అక్క సలోమి నంద్యాల బడిలో టీచరు. వానా గాలీ వచ్చిన ప్రతిసారీ ఆమెకు అన్నం సయించేది కాదు.

ఎనభై ఐదులో ఆయన ఓడ ఇనుప ఖనిజంతో నిండి ఉండగా బంగాళాఖాతంలో తుఫాను పట్టుకుంది. ఆ ఓడ పైకప్పు మీద ఆపద డబ్బా ఒకటి ఉండేది. ఓడ మునిగితే దాని కొక్కెం తనంతట తానే ఊడి, డబ్బా నీటిపైకి తేలి, ఇక్కడున్నామని ఆకాశంలోకి సంకేతం పంపుతుంది. పైన పోయే విమానాలు దాన్ని అందుకుంటాయి. ఈ సంగతి కొత్త ఖలాసీలకు నేర్పేది మా బావే. అయితే తుఫాను మొదలయ్యే ముందు డెక్కు మీద కనిపించిన ప్రతిదాన్నీ తాళ్లతో బిగిస్తూ పోయి, అలలకు కొట్టుకుపోకూడదని ఆ డబ్బాను కూడా బిగించేశాడు. తెలివి ఒకటి చెప్తే చేతులు ఇంకొకటి చేశాయి.

తెల్లవారాక రేడియో స్తంభం విరిగింది. సరుకు అరల్లోకి నీళ్లొచ్చి ఓడ ఒక పక్కకు ఒరిగింది. కెప్టెన్ అందరినీ పడవల్లోకి దిగమన్నాడు. పడవలో బావ పక్కన కూర్చున్న వంటమనిషి కృపావరం మన డోన్ వాడే. వణుకుతూ అడిగాడు.

"మనమీడ ఉన్నట్టు ఎవరికి తెలుస్తాదన్నా?"

"డబ్బా ఉండాది గదప్పా."

"అలకు పోయింటే?"

"యాడికి పోతాది. బానకట్టు కట్టినా."

ఆ మాట తన నోటి నుంచి వినగానే బావకు తట్టింది. డబ్బా యాడికీ పోదు. ఓడతో పాటు అడుక్కి పోతుంది. ఇంతమంది సముద్రం మధ్యలో ఉన్నారని ఎవరికీ తెలియదు.

ఎవరు వద్దన్నా వినకుండా ఒరిగిన ఓడ మీదికి తిరిగి ఎక్కాడు. ముడి రాయిలా బిగుసుకుపోయింది. తన కట్టును తానే తిట్టుకుంటూ కత్తితో కోశాడు. కొక్కెం తీసి, డబ్బాను చంకలో ఇరికించుకొని నీళ్లలోకి దూకాడు. పడవలోవాళ్లు చొక్కా పట్టుకొని లాగారు. డబ్బా పనిచేసింది. మరునాడు విమానం ఒకటి వచ్చి వాళ్ల మీద ఒక చుట్టు తిరిగింది, దాని వెనకే ఇంకో ఓడ వచ్చింది. ఒక్కరు కూడా పోలేదు. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గర్వమే.

బావ ఇంటికొచ్చాక అక్క ఆయన్ను వెంటబెట్టుకొని నేరుగా సంజీవయ్య మామ దగ్గరికి పోయింది. నేనూ పోయాను.

"మీరన్నా ఆపండి మామా. ఇంగ పోవద్దని చెప్పండి," అంది.

మామ కథంతా విని కొడుకునే చూశాడు.

"ఆ డబ్బా బానా, ఎద్దా?"

"ఎద్దే నాయనా."

"మరి బానకట్టు ఏందిరా?"

బావ తల వంచుకున్నాడు. "దానికి అసలు తాడే వద్దు నాయనా. దాని కొక్కెం దానికుండాది."

"పడవలకో?"

"ఎద్దుకట్టు."

మామ మంచం కింద నుంచి పాత మోకు ముక్క తీసి విసిరాడు. "ఎయ్యి, చూస్తా."

బావ మంచం కాలికి ఎద్దుకట్టు వేశాడు. కొస బయటికి వేలాడింది. మామ దాన్ని ముట్టుకోలేదు.

"సలోమీ, నువ్వు గుంజి చూడు. వచ్చిందంటే పంపియ్యి. ఆ ఖలాసీ పిల్లోళ్లకు నేర్పేదానికి ఇంగ వీడికంటే బాగా తెలిసినోడు దొరకడు. రాలేదంటే నేనే ఆపుతా."

అక్క ఆ కొసను చూసింది. గుంజితే ఊడొస్తుందని ఆమెకూ తెలుస్తూనే ఉంది. తర్వాత వంగి, కొస పట్టుకొని ఒక్కసారి గుంజింది. మోకు విడిపోయి ఆమె చేతిలోకి వచ్చింది.

"పెట్టె సర్దుతా," అంది.