తీగల మీద చెయ్యి

నాన్న పోయాక మూసేసిన పని గదిని నిన్న తెరిచాను. మైనం వాసన ఇంకా ఉంది. వీణకు మెట్లు అతికించడానికి ఆయన కరిగించే నల్లమైనం అది.

బొబ్బిలిలో నాన్న వీణలు చేసేవారు. పూజ అయ్యేదాకా కొత్త వీణ తీగలు ఎవరూ ముట్టకూడదని మా ఇంట్లో నియమం. నేను రెండో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుని మరమరాలు తింటున్నాను. నా వెనక గోడకు ఆనించిన కొత్త వీణ సన్నగా మోగింది.

"ఒసే, ముట్టుకోవద్దని సెప్పానా?" నాన్న తలెత్తకుండానే అన్నారు.

"నాను కాదు నాన్నా. దానంతటదే మోగతన్నాది."

ఆయన చూశారు. నా చేతులు రెండూ మరమరాల గిన్నెలో ఉన్నాయి. ఈలోగా గదిలోని వీణలన్నీ మోగడం మొదలుపెట్టాయి.

"భూమి కదులుతన్నాది, బయటికి రండి" అని వీధిలో ఎవరో అరిచారు.

నాన్న ఒక్క అంగలో వచ్చి కొత్త వీణ తీగల మీద అరచెయ్యి వేసి గోడకు అదిమారు. దాని మోత ఆగింది. మిగతావీ ఆగాయి. నా కింద నేల వణుకూ ఆగింది.

మర్నాడు బడిలో, భూకంపాన్ని మా నాన్నే ఆపాడని చెప్పాను.

"ఏటే, సేత్తోనా?" అని నవ్వింది నా పక్కన కూర్చునే పిల్ల.

"సేత్తోనే."

ఎవరూ నమ్మలేదు. నా గర్వం మాత్రం తగ్గలేదు.

భూకంపం దానంతటదే ఆగిందని తర్వాత తెలిసింది. ఆ రోజు నాన్న రెండో చెయ్యి నా తల మీద ఉంది, వీణ పడితే ముందు ఆ చేతి మీద పడేలా. అది చెప్పుకోదగ్గ సంగతని అప్పుడు తోచలేదు. ఇప్పుడు నాన్న గురించి ఎవరడిగినా ఆ చెయ్యి గురించే చెబుతున్నాను.