బ్యాటరీ అన్నవాళ్లకూ, గ్యాస్ అన్నవాళ్లకూ

మా మేనమామ పోయిన నెల చనిపోయాడని పాఠకులకు విచారంతో తెలియజేస్తున్నాను. విచారంతో అని ఆనవాయితీ కొద్దీ రాశాను. నిజానికి ఒళ్లు మండి తెలియజేస్తున్నాను. నాచారంలో లారీకి సరుకు ఎక్కిస్తుండగా గుండెపోటుతో పోయాడు. ఆ గుండెపోటు ఊరూ పేరూ లేకుండా వచ్చిపడింది కాదు. కొన్ని నెలలుగా మా గల్లీలో అందరికీ తెలిసినట్టే తిరిగింది. కాకపోతే అందరూ దాన్ని గ్యాస్ అని పిలిచేవాళ్లు.

మామది చిల్కానగర్. ఆయనకు ఒక ముసలి డీజిల్ లారీ ఉండేది. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. నాచారం ఫ్యాక్టరీల నుంచి ఖాళీ డ్రమ్ములు, అట్టపెట్టెలు తోలేవాడు. చనిపోయినవాళ్లంతా శాంతస్వభావులైపోవడం మన దగ్గర మామూలే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: మా మామ శాంతస్వభావి కాదు. పొద్దున లేచి ఎవరినో ఒకరిని తిట్టందే ఆయనకు చాయ్ దిగేది కాదు. ఆ చాయ్ కూడా సాసర్‌లో పోసుకుని, తిట్లు తినే మనిషి ముఖం మీదికి ఆవిరి పోయేలా ఊదుకుంటూ తాగేవాడు.

లోకంలో ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ మంట పుట్టించే మాట "బ్యాటరీ."

కొన్నేళ్ల కింద ఒక చలికాలం లారీ పొద్దున్నే స్టార్ట్ కావడం మానేసింది. పగలు బాగానే ఉండేది. రాత్రంతా నిలబడితే మాత్రం తెల్లారి మొండికేసేది. సెల్ఫ్ కొట్టిన చప్పుడుకు గల్లీ అంతా లుంగీలతో, నోట్లో బ్రష్షులతో బయటికి వచ్చేది. అందరిదీ ఒకటే తీర్పు.

"బ్యాటరీ అన్నా," అన్నాడు ఇస్త్రీ డబ్బా అన్న.

"పక్కా బ్యాటరీ," అన్నాడు కిరాణా సేటు, షట్టర్ ఎత్తుతూ, లారీ వైపు చూడకుండానే.

మామ అప్పటికే ఒకసారి వీళ్ల మాట విని కొత్త బ్యాటరీ వేయించి ఉన్నాడు. సెల్ఫ్ గిర్రున తిరిగింది, ఇంజను మాత్రం ఉలకలేదు. అందుకని ఆ రోజు చేతులు నడుముకు పెట్టుకుని గల్లీ మొత్తానికి క్లాసు పీకాడు.

"సప్పుడు జెయ్యకుర్రి జర! సెల్ఫ్ గట్టిగ తిరుగుతలేదా? చెవులు లేవా మీకు? మెల్లగ తిరిగితే గప్పుడు అనుర్రి బ్యాటరీ అని. నీ కాల్మొక్త సేటూ, నువ్వు పోయి పప్పు జోకుకో."

నేను అప్పటికి బీకాం పూర్తిచేసి ఆఫీసులో చేరాను. ఇస్త్రీ చొక్కాతో ఆఫీసుకు బయల్దేరినవాణ్ని పట్టుకుని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.

"అల్లుడా, నేను చెయ్యెత్తితే సెల్ఫ్ కొట్టు. దించితే ఆపు. నడుమ నీ తెలివి పెట్టకు."

వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నేను సెల్ఫ్ కొట్టాను. పొగ చుక్క కూడా రాలేదు.

"సూడుర్రి. తెల్లపొగ వస్తే డీజిల్ పోతుంది గని అంటుకుంటలేదని. పొగే లేకుంటే అసలు డీజిలే పోతలేదని. ఇగ బ్యాటరీ ఏం జేస్తది, వచ్చి దండం పెడ్తదా?"

ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టాడు. డీజిల్‌తో పాటు బుడబుడమని నురగ వచ్చింది. పైపులో గాలి చేరింది. ట్యాంకు నుంచి వచ్చే పైపు వెంబడి వేలితో తడుముకుంటూ వెళ్లి, ఒక క్లిప్పు కింద వెంట్రుకంత పగులు పట్టుకున్నాడు. దాంట్లోంచి డీజిల్ బయటికి కారేది కాదు, గాలి లోపలికి దూరేది. రాత్రంతా డీజిల్ మెల్లగా వెనక్కి, ట్యాంకులోకి జారిపోయేది. పైపు మార్చి, బుడగలు పోయేదాకా పంపు కొట్టి, స్క్రూ బిగించాడు. లారీ ఒక్క దగ్గు దగ్గి స్టార్ట్ అయింది. గల్లీ అంతా పొగ. ఆ పొగలోంచే సేటు గొంతు వినిపించింది:

"బ్యాటరీ గూడ జర వీకే ఉంటదన్నా."

ఆ పొద్దున మామ సాసర్ ఊదుకుంటూ నాతో అన్నాడు: "పేరు పెట్టుడు అల్కగ అయితది అల్లుడా. పేరు పెట్టినంక ఎవ్వడు సూడడు. గదీ నష్టం."

ఇప్పుడు నా కోపం సంగతికి వద్దాం. ఇంత గొప్ప మాట చెప్పిన మనిషి ఏం చేశాడో వినండి.

పోయిన ఎండాకాలం నుంచి ఆయనకు సరుకు మీద తాడు బిగించి లాగితే ఛాతీ పట్టేసేది. కాసేపు కూర్చుంటే తగ్గేది, మళ్లీ పనిలోకి దిగితే వచ్చేది. ఎడమ భుజం గుంజేది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడకు వేసిన సున్నం బాగుందో లేదో పరీక్షిస్తున్నట్టు నిలబడేవాడు. గల్లీ మళ్లీ సమావేశమైంది. అవే లుంగీలు, అవే నోళ్లు.

"గ్యాస్ అన్నా."

"పక్కా గ్యాస్. సోడాల నిమ్మకాయ పిండుకొని కొట్టు, సాఫ్ అయితది."

మందుల షాపులో కుర్రాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా గ్యాస్ గోళీలు కత్తిరించి ఇచ్చాడు. అత్తమ్మ ఓమ నీళ్లు కాచింది. ఒక్క చిన్న పగులు కోసం పైపంతా తడిమిన మహానుభావుడు ఇవన్నీ బుద్ధిగా మింగాడు.

"మామా, ఈసీజీ తీపిద్దాం," అన్నాను నేను. చాలాసార్లే అన్నాను.

"నీ బీకాంల గుండె పాఠం గూడ ఉందా అల్లుడా?"

"లేదు. సూడకుండ పేరు పెట్టొద్దని నువ్వే చెప్పినవ్ గదా?"

"గది బండికి. బండికి నోరు లేదు. నాకు నోరుంది. నేనే చెప్తున్న గదా, గ్యాస్ అని!"

ఈ వాదనకు ఇప్పుడు జవాబు చెప్పినా వినేవాడు లేడు, అది ఇంకో మంట.

ఆ పొద్దున నాచారంలో లారీ టైరు పక్కన కూలబడి, హమాలీని సోడా తెమ్మన్నాడట. సోడా వచ్చింది. ఆయన తాగలేదు. దవాఖానాలో డాక్టరమ్మ "ఇంతకుముందు నొప్పి వచ్చేదా?" అని అడిగింది. గల్లీ అంతా అక్కడే ఉంది. ఆ ఒక్కసారి మాత్రం ఎవరూ ఏ పేరూ చెప్పలేదు.

ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. పాస్టరయ్య మంచి మనిషి, గొంతు ఇంకా మంచిది. "ప్రభువు ఆయనను పిలుచుకున్నాడు" అన్నాడు. వెనక కుర్చీలో నేను పళ్లు నూరాను. పిలిచే ఉంటాడు. కానీ అంతకుముందు నెలల తరబడి మిస్డ్ కాల్స్ ఇచ్చాడు కదా! ప్రతిసారీ గ్యాస్ అని మనమే కట్ చేశాం కదా! నేరం ప్రభువు మీదికి తోసేసి మనం బిర్యానీకి వరస కట్టడం ఏం న్యాయం?

ఆ వరసలో ఉండగానే అత్తమ్మను చూశాను. కుర్చీలో ముందుకు వంగి, అరచెయ్యి ఛాతీకి అదుముకుంది. నుదురంతా చెమట.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏం లేదు బిడ్డ. గ్యాస్."

"గ్యాసే గ్యాసే," అన్నాయి చుట్టూ గొంతులు. "ఏడ్సి ఏడ్సి తిండి లేకపాయె." సేటు సోడా తెస్తానని లేచాడు.

నేను అరిచాను. షామియానా గుంజలు కదిలేంతగా అరిచాను. "ఇంకొక్కలు గ్యాస్ అంటే మర్యాద దక్కది! కూసోర్రి అందరు!" పాస్టరయ్య చేతిలో ప్లేటు అలాగే ఆగిపోయింది. "ఇజ్జత్ తీసినవ్ రా," అంది మా అమ్మ. తీస్తే తీశాను. అత్తమ్మను ఆటో ఎక్కించి ఉప్పల్‌లో దవాఖానాకు తీసుకుపోయాను. దారంతా ఆమె గొణుగుతూనే ఉంది.

"కూడిక నడుమ గిదేం పని? నలుగురు ఏమనుకుంటరు?"

"నలుగురు ఏమనుకుంటరో మనకు తెల్వదా అత్తమ్మా?"

చేతులకు, కాళ్లకు జెల్ రాసి క్లిప్పులు పెట్టారు. కాగితం చర్రుమంటూ బయటికి వచ్చింది. తర్వాత రక్తం తీసుకున్నారు, కాసేపు ఆపి మళ్లీ ఒకసారి చూశారు. చివరికి డాక్టర్ బయటికి వచ్చి, "గుండెకేం ఢోకా లేదు. గ్యాసే," అన్నాడు.

పాఠకులు నవ్వుకోవచ్చు. నేను మాత్రం తల దించలేదు. చూసి చెప్పిన గ్యాస్ వేరు, పప్పు జోకుతూ చెప్పిన గ్యాస్ వేరు.

తిరుగు దారిలో ఆటో మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. "సేటే గెలిచిండు గదరా," అని అత్తమ్మ నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నవ్వు ఆగాక నా వైపు తిరిగింది.

"బిడ్డా, గా క్లిప్పులు పెట్టి కాగితం తీసిన్రు సూడు… గంత సేపేనా?"

"గంతే అత్తమ్మా."

ఆమె మణికట్ల మీద జెల్ ఇంకా తడిగా మెరుస్తోంది. తుడుచుకోమని రుమాలు ఇచ్చాను. తీసుకుని ఒళ్లో పెట్టుకుంది, తుడుచుకోలేదు. రెండు చేతులూ వెల్లకిలా ఒళ్లో పెట్టుకుని, ఆ తడి ఆరిపోయేదాకా వాటినే చూస్తూ కూర్చుంది.