గట్టు వార నీళ్లు

చేపల చెరువుల దగ్గర ఆమెను అందరూ గరిటె వదిన అనేవారు. మేత వేసే మరిది ఒక్కడే వదినా అని పిలవాల్సింది, కానీ ఆ పిలుపు అందరి నోటికీ పట్టేసి, ఆమె కంటే పదేళ్లు పెద్దవాళ్లకు కూడా ఆమె వదినే అయింది. పొడవాటి కర్రకు బిగించిన తెల్ల గరిటెతో నీళ్లు ముంచి, అందులో దోమ లార్వాలు ఎన్ని ఉన్నాయో పుస్తకంలో రాయడం ఆమె పని. ఒక చోట కుదురుగా కూర్చునే మనిషి కాదు.

ఆ ఏడు వానలు తగ్గాక పనివాళ్ల ఇళ్లలో జ్వరాలు మొదలయ్యాయి. ముందు వలలు బాగుచేసే పెద్దాయన మంచం పట్టాడు, వారం తిరక్కుండా మరిది భార్య, ఆమె తోడికోడలు. దోమ కాటు వల్లేనన్నాడు డాక్టరు. ఆమె పుస్తకం చూస్తే మూడు నెలలుగా ఏ చెరువులోనూ ఒక్క లార్వా లేదు.

ఆమెకు కాలు నిలవలేదు. తోడికోడలి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే పుస్తకం తిరగేసింది. ఏ పేజీ చూసినా తన రాతే. అప్పుడు తట్టింది. తను ముంచేదంతా చెరువులోకి వేసిన చెక్కబల్ల దగ్గర, నీళ్లకు గాలి పట్టించే చక్రం తిరిగే చోటే. అలా కదిలే నీళ్లలో దోమ గుడ్లు పెట్టదు. ఎదుటి గట్టు జారుడని అటు వెళ్లడమే మానేసింది.

గుడ్డ మరిది చేతిలో పెట్టి పరుగులాంటి నడకతో మూడో చెరువు అవతలి మూలకు వెళ్లింది. నీళ్ల మీద నాచు చాపలా పరుచుకుంది, కుళ్లు వాసన కొడుతోంది. గరిటె ముంచితే నలభైకి పైగా లార్వాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. చేపపిల్ల ఒక్కటీ లేదు. ఆ చెరువుకు మేత వేసేది మరిదే.

తిరిగొచ్చి అతన్ని వాకిట్లోకి పిలిచి, మేత ఎంత వేస్తున్నావని అడిగింది. చేపలు త్వరగా ఎదగాలని రోజూ రెండు బస్తాలు ఎక్కువే వేస్తున్నానని ఒప్పుకున్నాడు.

"దానికీ దోమకీ ఏంటి వదినా సంబంధం?"

"మిగిలిన మేత అడుగున కుళ్లుతోంది. నీళ్లలో గాలి తగ్గి, దోమ పురుగుల్ని తినే చేపలు ఆ మూలకే రావట్లేదు. ఈ పురుగులు పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి, వాటికేం ఇబ్బంది? పైగా కుళ్లే వాటికి తిండి."

అతను లోపలి మంచం వైపు చూశాడు. "అంటే దానికి జ్వరం నావల్లే వచ్చిందా?"

"నీ ఒక్కడివల్లే కాదు. నేను చూడకుండానే ఏమీ లేదని రాశాను."

ఆమె ఆ సాయంత్రమే మేనేజరు ముందు తన తప్పుతో సహా అంతా చెప్పింది. ఆయన చీవాట్లు పెట్టినా చేయాల్సిన పని ఆపలేదు. మేత తగ్గించారు, నాచు లాగించారు, నీళ్లు మార్పించారు. పదిహేను రోజులకు గరిటెలో నాలుగు కనిపించాయి, నెలకు ఒకటో రెండో. తోడికోడలు లేచి తిరుగుతోంది. మరిది మాత్రం ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నం తింటుంటే గుమ్మంలో నిలబడ్డాడు.

"నాలుగో చెరువు మూల నీళ్ల వాసన తేడాగా ఉంది వదినా. ఒకసారి చూస్తావా?"

సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుంది. ఆ మూల ఆరు లార్వాలు దొరికాయి. పొద్దు వాలేదాకా ఇద్దరూ మోకాళ్ల లోతు నీళ్లలో నాచు లాగుతూనే ఉన్నారు.